నాలుగు గజాల పెరట్లో పొట్టి స్వీట్‌కార్న్: రెండు ప్యాకెట్లు, మూడు విడతలు

మా అత్తయ్యకి ఎనభై ఏళ్లు. కింద నాలుగు పళ్లు మిగిలాయి, పైన అవీ లేవు. పొన్నూరు దగ్గర పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. వీధిలో ఎవరైనా మొక్కజొన్న పొత్తు కాలిస్తే ఆ వాసనకే గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. కానీ బండి మీద అమ్మే పొత్తుల గింజ ఆవిడ నమలలేదు. నేను ఆర్టీసీలో కండక్టర్ని, గుంటూరు, విజయవాడ మధ్య తిరిగే సర్వీసు. ఒకరోజు పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో కప్పులో పోసిచ్చే స్వీట్‌కార్న్ కొని ఇంటికి తెచ్చాను. వచ్చేసరికి చల్లారిపోయింది. అయినా ఒక్కో గింజా చిగుళ్ల మధ్య నొక్కుకుంటూ కప్పంతా తినేసి, "ఇది మన పెరట్లో రాదా అమ్మాయ్?" అని అడిగింది.

ఈ విత్తనాలు కొన్నది అందుకే. ఇప్పటికి మూడు విడతలు వేశాను కాబట్టి, కొనాలనుకునేవాళ్లకి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

మాది గోరంట్ల వైపు చిన్న ఇల్లు. వెనక బోరుకీ ప్రహరీకీ మధ్య కాస్త ఖాళీ ఉంది, అంతా నల్లరేగడి. రైతులు వేసే స్వీట్‌కార్న్ హైబ్రిడ్‌లు ఆరేడు అడుగులు పెరుగుతాయి, గాలొస్తే పక్కింటి గోడ మీద పడతాయి. అందుకని ఇంటి తోటలకని అమ్మే పొట్టి రకం అడిగాను. ప్యాకెట్‌లో సుమారు వంద గింజలు, 120 రూపాయలు. వెనక వైపు '65 రోజులు, ఎత్తు 4 నుంచి 5 అడుగులు, పొత్తు 8 అంగుళాలు, టబ్బులో కూడా పెంచవచ్చు' అని రాసి ఉంది. ఈ నాలుగు మాటల్లో ఎన్ని నిజమో వరసగా చెబుతాను.

మొదటి ప్యాకెట్ గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయింది అక్కడే. పట్నంబజారులో ఒక షాపులో జూన్‌లో కొన్నాను. తొలకరి పడగానే ప్రహరీ వెంట ఒకే వరసలో 40 గింజలు పెట్టాను. 17 మొలిచాయి. నీళ్లు ఎక్కువయ్యాయా, చీమలు లాక్కుపోయాయా అని టెన్షన్ పడ్డాను. మా అమ్మాయి బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడు ప్యాకెట్ తిప్పి చూసి, "అమ్మా, పరీక్ష తేదీ చూశావా? గడువు అయిపోయి నాలుగు నెలలైంది" అంది. విత్తనాల ప్యాకెట్ మీద లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, ఎప్పటివరకు పనికొస్తుందో అన్నీ అచ్చు వేసి ఉంటాయి. పాల ప్యాకెట్ మీద తేదీ చూసే నేను ఇక్కడ చూడలేదు. మిగిలిన వాటిలో 20 గింజలు తడిగుడ్డలో చుట్టి పెడితే 9 మొలిచాయి. షాపుకి తీసుకెళ్లి చూపిస్తే, "విత్తనం మంచిదేనమ్మా, మీ భూమి బాగోలేదు" అన్నాడు. గుడ్డలో భూమి ఎక్కడుంది? డబ్బులు తిరిగివ్వలేదు. ఆ షాపుకి మళ్లీ వెళ్లలేదు.

స్వీట్‌కార్న్ విషయంలో ఈ తేదీ మామూలు మొక్కజొన్న కంటే ఎక్కువ పట్టించుకోవాలి. గింజ చేతిలో వేసుకుని చూస్తే తెలుస్తుంది. మామూలు మొక్కజొన్న గింజ నిండుగా, నున్నగా ఉంటుంది. ఇది ఎండుద్రాక్షలా ముడుచుకుని, తేలికగా ఉంటుంది. తీపి ఉండేది చక్కెర పిండిగా మారకుండా ఆగిపోవడం వల్లే. పిండి తక్కువైతే మొలకకి దాచుకున్న తిండి కూడా తక్కువే. అందుకే పాతబడినా, ఎండ తగిలే షెల్ఫులో పడున్నా, మిగతా విత్తనాల కంటే ముందు ఇదే దెబ్బతింటుంది. ఇంకో సంగతి, గింజలకి గులాబీ రంగు ఉంటే అది మందు పట్టించిన గుర్తు. పిల్లలకి అందకుండా పెట్టండి, చేతులు కడుక్కోండి.

ఆ 17 మొక్కల్లో 5 వర్షానికి పోయాయి. నల్లరేగడిలో నీళ్లు రెండు రోజులు నిలబడితే మోకాలెత్తు లోపు మొక్కజొన్న తట్టుకోలేదు. మిగిలిన 12 కంకులేశాయి. ఒలిచి చూస్తే పొత్తు సగం బోసి. అక్కడో గింజ, ఇక్కడో గింజ. అత్తయ్య ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "దీనికీ నాలాగే పళ్లు ఊడాయే" అంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

కారణం ఒకే వరస. మొక్కజొన్నకి పైన వచ్చే జల్లు మగపూత, పొత్తు కొన నుంచి వేలాడే పీచు ఆడపూత. ఆ పీచులో ప్రతి పోగూ లోపల ఒక్కో గింజకి కట్టి ఉంటుంది. పోగు మీద పుప్పొడి పడితేనే ఆ గింజ నిండుతుంది, పడకపోతే అక్కడ ఖాళీ. పుప్పొడిని మోసేది గాలి. గోడ వెంట ఒకే వరసలో ఉంటే గాలి దాన్ని తీసుకెళ్లి పక్కింటి డాబా మీద పోస్తుంది. అందుకే కొన్ని మొక్కలైనా సరే పొడవాటి వరసలో కాకుండా నాలుగైదు పొట్టి వరసల గుంపుగా, చతురస్రంలా వేయాలి. ప్యాకెట్ మీద ఈ ఒక్క మాట లేదు. ఇంటి తోటల కోసం అమ్మే విత్తనానికి మొదట రాయాల్సింది అదే కదా. దీనికి ఒక మార్కు తీసేస్తున్నాను.

రెండో ప్యాకెట్ నవంబరులో వేరే షాపులో, తేదీ చూసుకుని కొన్నాను. అదే కంపెనీ, అదే రకం, అదే 120 రూపాయలు. 20 గింజలు తడిగుడ్డలో పెడితే 18 మొలిచాయి. దాంతో నమ్మకం కుదిరి నవంబరు 8న నేలలో పెట్టాను. ఐదు వరసలు, వరసకీ వరసకీ అడుగున్నర, మొక్కకీ మొక్కకీ ముప్పావు అడుగు, వరసకి ఆరు. మొత్తం 30 పాదులు. ఏడున్నర అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు, అంటే నాలుగు గజాలకి కాస్త తక్కువే. పాదుకి రెండేసి గింజలు అంగుళం లోతున పెట్టి, వారం తర్వాత బలమైనది ఉంచి రెండోది కత్తెరతో కత్తిరించాను. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

నవంబరే ఎందుకంటే, మన దగ్గర వేసవిలో జల్లు వచ్చేలా వేస్తే ఎండకీ వడగాలికీ పుప్పొడి చచ్చిపోతుంది, పీచు ఎండిపోతుంది. కార్తీకంలో వేస్తే సంక్రాంతి లోపు పొత్తులు చేతికొస్తాయి. వానల బెడదా తగ్గుతుంది.

ఈసారి ఆరో రోజుకి మొలకలన్నీ పైకి వచ్చాయి. అక్కడి నుంచి ఈ రకం అసలు స్వభావం తెలిసింది. పదిహేనో రోజుకి లేత ఆకుల మొదట్లో తెల్లటి చారలు కనిపించాయి. "జింకు లోపం, రేపటిదాకా ఆగొద్దు" అని అమ్మాయి ఫోన్లో చెప్పింది. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి సాయంత్రం పిచికారీ చేశాను, వారానికి మళ్లీ ఒకసారి. మొక్క తేరుకుంది. ఎందుకంత తొందర అని అడిగితే ఇలా చెప్పింది. పొత్తులో ఎన్ని వరసల గింజలుండాలో మొక్క మోకాలెత్తు కాకముందే లోపల తేలిపోతుందట. నాలుగు నెలల పంటైతే పదిరోజులు ఆకలితో ఉన్నా మళ్లీ పుంజుకుంటుంది. ఇది నలభై రోజులకే పూతకొచ్చేస్తుంది, ఆకులూ తక్కువ. మొదటి మూడు వారాల్లో నీరో ఎరువో తగ్గితే ఆ లోటు తీర్చుకునే వ్యవధి దీనికి లేదు. త్వరగా వచ్చే రకం కదా, శ్రమ తక్కువ అనుకుని కొనకండి. శ్రమ అంతే, కాకపోతే అది మొత్తం మొదటి నెలలోనే పడాలి.

నేను వేసింది ఇదీ: దుక్కిలో రెండు గంపల చివికిన పశువుల ఎరువు, రెండు కిలోల వేపపిండి. తర్వాత యూరియా మూడు విడతలుగా, ఒక్కో విడత 30 గ్రాములు. మొలిచిన పదిహేను రోజులకి, ముప్పై రోజులకి, జల్లు కనిపించగానే. మొదళ్లకి దూరంగా చల్లి మట్టి ఎగదోసి నీళ్లు పెట్టాను. యూరియా వద్దనుకునేవాళ్లు వర్మీకంపోస్టు ఎక్కువ వేసుకోవచ్చు, కానీ ఆకలి ఎక్కువున్న పంట ఇది, ఏదో ఒకటి పెట్టాల్సిందే. కాండం అడుగున పిలకలు వస్తాయి. వాటిని తీసేస్తే తల్లి మొక్కకి బలం అని మా ఆయన కత్తి పట్టుకొచ్చాడు. తీయనవసరం లేదు. వాటి ఆకులు కూడా తిండి చేసి పెట్టేవే.

కత్తెర పురుగు రాకుండా ఉండదు. 2018లో మన దేశానికి వచ్చిన పురుగు ఇది, ఇప్పుడు పెరట్లో పది మొక్కలున్నా వెతుక్కుంటూ వస్తుంది. సుడిలో, అంటే మొక్క నడినెత్తిన లేత ఆకులు చుట్టుకుని ఉండే చోట, రంపపు పొట్టులాంటి రెట్ట, ఆకుల మీద వరసగా చిల్లులు కనిపిస్తే అదే. తల మీద తలకిందులైన ఇంగ్లిష్ వై అక్షరం లాంటి గుర్తు, తోక దగ్గర నాలుగు చుక్కలు చదరంగా ఉంటాయి. డ్యూటీ దిగాక సెల్‌ఫోన్ లైటు వేసుకుని సుడి సుడీ వెతికి ఏరేసేదాన్ని. తొమ్మిది పాళ్లు పొడి ఇసుకకి ఒక పాలు సున్నం కలిపి సుడుల్లో చిటికెడు చొప్పున వేశాం, వేపనూనె రెండుసార్లు కొట్టాం. 30 మొక్కలు కాబట్టి చేతితో సరిపోయింది, రసాయన మందు కొట్టలేదు. మొవ్వు తినేసిన మూడు మొక్కలు పోయాయి.

ఇక పొట్టితనం గురించి. జల్లు నలభయ్యో రోజున వచ్చింది, అప్పటికి మొక్క మూడుంపావు అడుగులు. ప్యాకెట్ మీద 4 నుంచి 5 అని రాశారు కదా అని నిరాశపడ్డాను. ఇలాంటి తొందర రకాలు చాలావరకు చలి దేశాల్లో, వేసవి పొడవాటి పగళ్లకి తయారైనవని అమ్మాయి చెప్పింది. మన పొట్టి పగళ్లకీ వెచ్చదనానికీ అవి ఇంకా తొందరగా పూతకి దిగుతాయి, కాండం సాగే టైమే ఉండదు. ఎత్తు పడిపోయేది అందుకట. అమెరికాలో 1902లో బర్పీ అనే విత్తనాల కంపెనీ 'గోల్డెన్ బాంటమ్' అనే పసుపు స్వీట్‌కార్న్ అమ్మడం మొదలుపెట్టిందట. అప్పటిదాకా అక్కడ జనం పసుపు మొక్కజొన్నని పశువుల మేతగానే చూసేవాళ్లట. బాంటమ్ అంటే చిన్న జాతి కోడి. పొట్టి మొక్కకి ఆ పేరు నాకు భలే నచ్చింది.

మూడుంపావు అడుగుల ఎత్తు మాకు పెద్ద మేలు చేసింది. పుప్పొడి బాగా రాలేది ఉదయం తొమ్మిది నుంచి పదకొండు మధ్య. ఆ టైముకి నేను మంగళగిరి దగ్గర టికెట్లు కొడుతూ ఉంటాను. అందుకని ఆ పని అత్తయ్య తీసుకుంది. టిఫిన్ తిని, చేతికర్ర పట్టుకుని వరసల మధ్య నెమ్మదిగా నడుస్తూ ఒక్కో కాండాన్ని కర్రతో తట్టేది. పసుపు పొడి ఆవిడ తెల్లచీర మీద రాలేది. రెండు జల్లులు తుంచి ఇత్తడి పళ్లెంలో దులిపి, ఆ పొడిని వేళ్లతో పీచు మీద చల్లేది. పది రోజులు ఒక్క రోజు మానలేదు. ఏడడుగుల రకమైతే ఆవిడకి జల్లు అందేదే కాదు. "ఇవాళ ఆఖరి వరసలో రెండు పీచులు కొత్తగా వచ్చాయి" అని నాకు రాత్రి రిపోర్టు.

పీచు వచ్చిన పదిహేనో రోజు నుంచి చిలకలు మొదలయ్యాయి. పొత్తు కొన చీల్చి పైగింజలు తింటాయి. పాత నైలాన్ చీర నాలుగు కర్రలకి కట్టి కప్పాను. పుప్పొడి పడే రోజుల్లో మాత్రం కప్పకూడదు, గాలి ఆగుతుంది. పీచు ఎండటం మొదలయ్యాక కప్పండి.

పీచు వచ్చిన ఇరవై రోజులకి, అంటే విత్తిన 63వ రోజు జనవరి 10న మొదటి పొత్తు తుంచాను. 65 రోజుల మాట మాత్రం నిజం. పైన డొప్ప కాస్త చీల్చి గింజని గోరుతో గిల్లితే పాలు చిమ్మాలి. నీళ్లలా వస్తే రెండు రోజులాగాలి, ముద్దలా ఉంటే ఆలస్యమైనట్టే. పొత్తు ఆరు అంగుళాలు, ఎనిమిది కాదు. కానీ కొన దాకా గింజ పట్టింది, పద్నాలుగు వరసలు. (మొక్కజొన్నలో వరసలు ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఉంటాయి, మీరూ లెక్కపెట్టి చూడండి.) 27 మొక్కలకి 24 మంచి పొత్తులు వచ్చాయి.

ముందు పొయ్యి మీద నీళ్లు మరగబెట్టి, తర్వాత పెరట్లోకి వెళ్లి తుంచాం. తుంచినప్పటి నుంచి చక్కెర తగ్గడం మొదలవుతుంది, వెచ్చగా ఉంటే ఇంకా తొందరగా. ఐదు నిమిషాలు ఉడికించి, ఉప్పు కూడా వేయకుండా అత్తయ్య ముందు పెట్టాను. కండె మీద నుంచి గింజలు చాకుతో కోసిద్దామనుకుంటే వద్దంది. రెండు చేతులతో పొత్తు పట్టుకుని, ఉన్న నాలుగు పళ్లతో వరస వరసా గీరుకుంటూ తింది. బెండు మాత్రం మిగిలింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మా ఆయన్ని పిలిచి, "ఒరేయ్, మీ నాన్న ఇది తినకుండానే పోయాడురా" అంది. భోగి నాడు మా ఆడపడుచు వాళ్లు వచ్చారు, మిగిలినవన్నీ ఆ పూటకే అయిపోయాయి.

టబ్బు సంగతి రెండు మాటల్లో. ఇరవై లీటర్ల పెయింటు బకెట్లు రెండు డాబా మీద పెట్టి, ఒక్కోదానిలో మూడు మొక్కలు పెంచాను. డిసెంబరులో కూడా రోజుకి రెండుపూటలా నీళ్లు అడిగాయి. పొత్తులు నాలుగు అంగుళాలు, గింజ సగమే. ప్యాకెట్ మీద ఉన్న ఆ మాట నమ్మి డాబా మీద మాత్రమే వేసేవాళ్లు కనీసం పన్నెండు మొక్కలు దగ్గర దగ్గరగా ఉండేలా పెద్ద తొట్లు చూసుకోండి. లేదంటే డబ్బు దండగ.

మూడో విడత డిసెంబరు 20న, మిగిలిన గింజలు కంచె పక్కన వేశాను. ఇక్కడో పొరపాటు జరిగింది. అత్తయ్య అంతకు మూడు వారాల ముందే, తన పల్లె నుంచి ఎవరో తెచ్చిన దేశవాళీ గింజలు ఆరు కంచె మూలన గుచ్చింది. కాల్చుకుంటే ఆ వాసన వేరు అని. దేశవాళీ నెమ్మదిగా వచ్చింది, మాది తొందరగా వచ్చింది, రెండిటికీ జల్లు ఒకేసారి జనవరి ఆఖరులో పడింది. దేశవాళీ పుప్పొడి స్వీట్‌కార్న్ పీచు మీద పడితే గింజ ఆ ఏడాదే మారిపోతుంది, వచ్చే పంట దాకా ఆగదు. మూలకి దగ్గరున్న పొత్తుల్లో మధ్య మధ్య గింజలు గట్టిగా, చప్పగా వచ్చాయి. అత్తయ్య నోట్లోంచి తీసి అరచేతిలో పెట్టుకుని చూసి, "నేనే పాడుచేశానా?" అని బాధపడింది. ఆవిడ తప్పేం లేదు. రెండు రకాలూ కావాలంటే పూతల మధ్య కనీసం పదిహేను రోజుల తేడా ఉండేలా విత్తుకోవాలి. వరి కోసిన పొలాల్లో మొక్కజొన్న వేసే ఊళ్లలో ఇల్లున్నవాళ్లు మరీ జాగ్రత్త. పక్క పొలం ఎప్పుడు పూతకొస్తుందో కనుక్కుని మీ తేదీ పెట్టుకోండి.

ఖర్చు లెక్క చూస్తే ఇది లాభం కోసం వేసే పంట కాదు. ప్యాకెట్, ఎరువు, వేపపిండి, వేపనూనె కలిపి రెండో విడతకి 500 రూపాయల దాకా అయింది. ఆ డబ్బుతో రైతుబజారులో అంతకంటే ఎక్కువ పొత్తులే వస్తాయి. తుంచిన ఐదు నిమిషాల్లో ఉడికిన పొత్తు మాత్రం అక్కడ దొరకదు.

విత్తనానికి ఐదుకి నాలుగు ఇస్తున్నాను. రుచి, రోజుల లెక్క, చిన్న చోటుకి సరిపోవడం, మూడూ బాగున్నాయి. పొత్తు సైజూ, టబ్బు మాటా కాస్త ఎక్కువ చెప్పారు. గుంపుగా వేయాలన్న సూచన ప్యాకెట్ మీద తెలుగులో అచ్చు వేస్తే ఎంతోమందికి మొదటి పంట పోకుండా ఉంటుంది.

ఈ ఏడాది నవంబరు మొదటి వారంలోనే వేస్తాను, ఈసారి ఆరు వరసలు. దేశవాళీ గింజలు అత్తయ్య దగ్గర సీసాలో ఉన్నాయి. వాటిని డిసెంబరు రెండో వారం దాకా ముట్టుకోనని మాటిచ్చింది. ఇత్తడి పళ్లెం ఇప్పటికే తోమి పెట్టుకుంది.